పియోనీ మొగ్గ మీద చీమలు: స్ప్రే కొట్టాలా, వదిలేయాలా? ఒక పాత గొడవ కథ

మే నెల చివర్లో ఒక రోజు పొద్దున్నే ఆరింటికి మా అక్క వీడియో కాల్ చేసింది. ఇంకా టీ కూడా తాగలేదు నేను. అక్క ఉండేది అమెరికాలో, ఇండియానా రాష్ట్రంలో. అక్కడ అప్పుడు సాయంత్రం, ఇంకా వెలుతురు ఉంది. ఫోన్ తీసుకెళ్ళి పెరట్లో ఒక మొక్క ముందు పెట్టింది. నిమ్మకాయంత గుండ్రటి మొగ్గలు, ఒక్కో మొగ్గ మీద పదీ పదిహేను నల్ల చీమలు. అక్క ఇంకో చేతిలో చీమల మందు స్ప్రే బాటిల్.

"ఒరేయ్, ఇంజనీరింగ్ చదివావు కదా, చెప్పు. కొట్టనా వద్దా?" అంది.

విషయం ఏంటంటే, పక్కింట్లో ఒక పెద్దావిడ ఉంటుంది. ఆవిడ పరిగెత్తుకుంటూ వచ్చి, "వద్దు వద్దు, ఆ చీమలు నాకితేనే మొగ్గ విచ్చుకుంటుంది, వాటిని చంపితే పువ్వు రాదు" అందట. మా బావేమో "చీమలు మొగ్గని తినేస్తున్నాయి, కొట్టెయ్" అన్నాడట. మా మేనకోడలికి నాలుగేళ్ళు, రోజంతా ఆ మొక్క దగ్గరే ఆడుకుంటుంది. కాబట్టి మందు కొట్టాలంటే అక్కకి భయం. ఇంకో సంగతి కూడా ఉంది. ప్రతి ఏడాదీ మెమోరియల్ డేకి ఆ పెద్దావిడ ఈ మొక్క నుంచే నాలుగు పూలు కోసుకెళ్ళి వాళ్ళాయన సమాధి మీద పెడుతుంది. అక్క వాళ్ళు ఇల్లు కొనకముందు నుంచీ ఉన్న అలవాటు అది.

"అక్కా, ఒక్క రోజు ఆగు" అన్నాను. ఆ ఒక్క రోజు కాస్తా రెండు వారాల రీసెర్చ్ అయింది. ఈ ఎపిసోడ్ అదే.

ముందు పువ్వు గురించి రెండు మాటలు. దీని పేరు పియోనీ. మన దగ్గర పెరగదు, ఎందుకంటే దీనికి గట్టి చలికాలం కావాలి. హిమాలయాల్లో ఒక అడవి జాతి ఉంది కానీ మన విజయవాడ ఎండకి ఇది బతకదు. చైనాలో వెయ్యేళ్ళ కిందటే దీని మీద పిచ్చి ఉండేది. 1034లో ఓయాంగ్ షియూ అనే పెద్ద పండితుడు, ప్రభుత్వ అధికారి, లుయోయాంగ్ నగరంలోని చెట్టు పియోనీల మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. మా అక్క పెరట్లో ఉన్నది చెట్టు రకం కాదు, చలికాలంలో నేల మట్టానికి ఎండిపోయి వసంతంలో మళ్ళీ చిగురించే రకం. 19వ శతాబ్దంలో ఫ్రాన్స్ వాళ్ళు ఈ రకంలో రేకుల మీద రేకులున్న ముద్దపూల మొక్కల్ని తయారుచేశారు. 1851 నాటి ఫెస్టివా మాక్సిమా, 1906 నాటి సారా బెర్న్‌హార్ట్ ఇవాళ్టికీ నర్సరీల్లో దొరుకుతాయి. ఒకసారి నాటితే యాభై ఏళ్ళు పైగా బతుకుతుంది. 1957 నుంచి ఇండియానా రాష్ట్ర పుష్పం కూడా ఇదే.

ఈ పువ్వుకి నమ్మకాలు కొత్త కాదు. దాదాపు 2300 ఏళ్ళ కిందట గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ మొక్కల మీద రాసిన పుస్తకంలో ఒక సంగతి చెప్తాడు. పియోనీని రాత్రి పూటే తవ్వాలట, పగలు కోస్తూ వడ్రంగిపిట్ట కంట పడితే మన కళ్ళకి ప్రమాదమట. ఆయన దాన్ని నమ్మలేదు, జనం ఇలా అంటారు అని రాసుకున్నాడంతే. ఫేక్ న్యూస్ చెక్ చేయడం అప్పుడే మొదలైందన్నమాట.

ఇప్పుడు పక్కింటి పెద్దావిడ మాటకి వద్దాం. చీమలు నాకితేనే పువ్వు విచ్చుకుంటుందా? లేదు. చీమలు ఒక్కటి లేకపోయినా పియోనీ విచ్చుకుంటుంది. మరి అంతమంది ఎందుకు నమ్మారు? ఆ మొగ్గ చూడండి. గట్టిగా బిగుసుకుని, పైన జిగురు జిగురుగా ఉంటుంది. లోపల బోలెడు రేకులు. ఇది తనంతట తను ఎలా విచ్చుకుంటుందా అనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే చీమలు వస్తాయి. కొన్ని రోజులకి పువ్వు విచ్చుకుంటుంది, చీమలు వెళ్ళిపోతాయి. చూసిన ఎవరికైనా "ఓహో, పని చేసి వెళ్ళాయి" అనిపించడం సహజం. నేను ఆఫీసులో ఉన్నప్పుడు ఇలాంటి తప్పు ఎన్నిసార్లు చేశానో. సర్వర్ పడిపోయే ముందు లాగ్‌లో ఏదో ఒక లైన్ కనిపిస్తుంది, అదే కారణం అనుకుని రాత్రంతా దాని వెంట పడతాం. తీరా చూస్తే రెండూ పక్కపక్కన జరిగాయంతే, ఒకదాని వల్ల ఒకటి కాదు.

మరి బావ మాట? చీమలు మొగ్గని తింటున్నాయా? అదీ కాదు. అవి తాగుతున్నది తేనె లాంటి తీపి రసం. అది మొగ్గని చుట్టి ఉన్న ఆకుపచ్చ రేకుల అంచుల నుంచి ఊరుతుంది. అంటే పువ్వు ఇంకా విచ్చుకోనే లేదు, కానీ మొక్క బయట తేనె పోస్తోంది!

అసలు చరిత్ర ఇక్కడే మొదలవుతుంది. పువ్వు లోపల తేనె ఎందుకో మనకి తెలుసు. తేనెటీగ రావాలి, పుప్పొడి అంటించుకోవాలి, ఇంకో పువ్వుకి మోయాలి. జర్మనీలో స్ప్రెంగెల్ అనే ఆయన 1793లోనే ఈ సంగతి పుస్తకంగా రాశాడు. కానీ పువ్వు బయట, ఆకు మీద, మొగ్గ మీద తేనె ఎందుకు? అక్కడ పుప్పొడి లేదు. మొక్క చక్కెర తయారుచేయడానికి ఎంతో కష్టపడుతుంది, దాన్ని ఊరికే బయట ఎందుకు పారబోస్తుంది?

డార్విన్ అంతటివాడికి కూడా ఇది తేలలేదు. మొక్క తన రసంలోని పనికిరానిదేదో ఇలా బయటికి పంపేస్తోందేమో అని 'ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్'లో రాశాడు. మనకి చెమట పట్టినట్టు అనుకోండి.

దీనికి వేరే జవాబు చెప్పినవాళ్ళలో ఒకాయన ప్రొఫెసర్ కాదు, ఇంజనీర్. పేరు థామస్ బెల్ట్. ఇంగ్లండ్ వాడు. 1868 నుంచి 1872 దాకా మధ్య అమెరికాలోని నికరాగువాలో బంగారు గని నడిపాడు. పని అయ్యాక అడవిలో తిరిగేవాడు. అక్కడ మన తుమ్మకి చుట్టమయ్యే ఒక చెట్టు ఉంది, దాని ముళ్ళు ఎద్దు కొమ్ముల్లా ఉంటాయి. ఆ ముళ్ళు లోపల గుల్ల. ఆ గుల్లలో చీమలు కాపురం ఉంటాయి. ఆకు కాడ దగ్గర తేనె గ్రంథులున్నాయి, ఆకు చివర్లలో చిన్న పసుపు గింజల్లాంటి తిండి కూడా ఉంది. అంటే ఉండటానికి ఇల్లు, తాగటానికి తేనె, తినటానికి తిండి, మూడూ చెట్టే ఇస్తోంది. ఇక ఎవరైనా ఆకు ముట్టుకుంటే చీమలు గుంపుగా వచ్చి కుడతాయి. బెల్ట్ దీన్ని చూసి 1874లో తన పుస్తకంలో సూటిగా రాశాడు: ఈ చీమలు చెట్టుకి కాపలా సైన్యం, తేనె వాటి జీతం. ఆ పసుపు గింజల్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే బెల్టియన్ బాడీస్ అంటారు. ఇటలీలో డెల్పినో అనే వృక్షశాస్త్రవేత్త కూడా దాదాపు అదే కాలంలో ఇదే మాట అన్నాడు.

డార్విన్ ఒప్పుకున్నాడా? సగం. 1876లో ఇంకో పుస్తకంలో, కొన్ని మొక్కల విషయంలో బెల్ట్ మాట నిజమే కానీ అన్నింటికీ అదే కారణం అంటే నమ్మను అన్నాడు. బెల్ట్ 1878లో, 45 ఏళ్ళకే చనిపోయాడు. తన మాట గెలవడం ఆయన చూడలేదు. తర్వాత చాలా ఏళ్ళు గొడవ నడుస్తూనే ఉంది. చీమల మీద అప్పట్లో పెద్ద పేరున్న అమెరికా శాస్త్రవేత్త విలియం మోర్టన్ వీలర్ కూడా చీమల వల్ల మొక్కకి లాభం అంటే నమ్మలేదు.

గొడవ ఎందుకు తెగలేదో గమనించారా? ఎక్కువమంది చూసి చెప్తున్నారు. తీసి చూసినవాళ్ళు చాలా తక్కువ.

ఆ పని డేనియల్ జాన్జన్ అనే కుర్రాడు చేశాడు. 1960ల్లో మెక్సికోలో అవే ముళ్ళ చెట్లు తీసుకున్నాడు. కొన్ని చెట్ల మీద చీమల్ని అలాగే ఉంచాడు, కొన్నింటి మీద తీసేశాడు. సాఫ్ట్‌వేర్ భాషలో ఏ బీ టెస్ట్. చీమలు ఉన్నవి బాగా పెరిగాయి. లేనివాటి ఆకులు పురుగులు తినేశాయి, చుట్టూ ఉన్న తీగలు పైకెక్కి కప్పేశాయి, ఎక్కువ భాగం చచ్చిపోయాయి. 1966లో ఆ పేపర్ వచ్చింది. బెల్ట్ చెప్పిన 92 ఏళ్ళకి!

పియోనీ ఆ ముళ్ళ చెట్టంత కాదు లెండి. దానికి చీమలు లేకపోతే చావు లేదు. కానీ ఒప్పందం ఆ కుటుంబానిదే. మొగ్గ లేతగా ఉన్నప్పుడు, పురుగులకి బాగా రుచిగా ఉన్నప్పుడు, తేనె పోసి చీమల్ని రప్పించుకుంటుంది. తేనె చుట్టూ తిరిగే చీమ వేరే పురుగుని దగ్గరికి రానివ్వదు. పువ్వు విచ్చుకున్నాక తేనె ఆగిపోతుంది, చీమలు వేరే పని చూసుకుంటాయి. కాంట్రాక్ట్ పూర్తి.

ఇక్కడ నాకు నచ్చిన మలుపు ఒకటుంది. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు వందేళ్ళు కొట్టుకున్న ఈ సంగతిని రైతులు ఎప్పుడో వాడేసుకున్నారు. క్రీ.శ. 304 నాటిదని చెప్పే ఒక చైనా పుస్తకం ఉంది, దక్షిణ ప్రాంతపు మొక్కల మీద రాసింది. అందులో సంతలో చీమల గూళ్ళు అమ్మేవారని ఉంది. ఆకులూ కొమ్మతో సహా గూడుని చాప సంచిలో పెట్టి అమ్మేవారట. బత్తాయి, నారింజ లాంటి తోటల్లో ఆ చీమలు లేకపోతే కాయల్ని పురుగులు పాడుచేస్తాయని కూడా రాసి ఉంది. తర్వాతి కాలంలో చీమలు ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి వెళ్ళడానికి రైతులు వెదురు బద్దలతో వంతెనలు కట్టేవారు. పురుగు మీదకి పురుగునే పంపడంలో ప్రపంచంలో మనకి తెలిసిన అతి పాత ఉదాహరణ ఇదే అంటారు.

ఆ చీమ ఏదో తెలుసా? మన మామిడి చెట్ల మీద ఆకుల్ని కలిపి కుట్టి గూడు కట్టే ఎర్ర చీమ. అదే జాతి! చిన్నప్పుడు కాయ కోద్దామని చెట్టెక్కి, అవి కరిస్తే చొక్కా విప్పుకుని కిందకి దూకాను నేను. మీలో ఎంతమంది దూకారో కామెంట్‌లో చెప్పండి. అప్పుడు మా తాతయ్య నవ్వి, "అవి ఉన్న కొమ్మకి పురుగు రాదురా" అన్నాడు. నేను నమ్మలేదు. సారీ తాతయ్యా.

ఇంకా ఉంది. పువ్వు బయట తేనె ఇచ్చే మొక్కలు మన పొలాల్లోనే ఉన్నాయి. పత్తి ఆకు తిప్పి ఈనె మీద చూడండి, చిన్న గుంట లాంటిది కనిపిస్తుంది. ఆముదం ఆకు కాడ మీద చిన్న బుడిపెలుంటాయి. అలసంద కూడా అంతే. అక్కడ చీమలు ఎందుకు తిరుగుతున్నాయో ఇప్పుడు మీకు తెలుసు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి, లేకపోతే ఇంకో తప్పుడు నమ్మకం నేనే మొదలుపెట్టినవాణ్ణి అవుతాను. చీమ కనిపించిన ప్రతిచోటా మంచిదే అని కాదు. మందారం కొమ్మ మీద తెల్లగా పిండినల్లి, చిక్కుడు మీద నల్లగా పేనుబంక పట్టినప్పుడు కూడా చీమలు వస్తాయి. అక్కడ తీపి ఇచ్చేది మొక్క కాదు, మొక్క రసం పీల్చే ఆ పురుగు. చీమ జీతం ఇచ్చినవాడి పక్షం. పురుగు జీతమిస్తే పురుగుని కాపాడుతుంది, మొక్క జీతమిస్తే మొక్కని కాపాడుతుంది. కాబట్టి మందు డబ్బా తీసే ముందు ఫోన్ కెమెరా జూమ్ చేసి చూడండి, చీమ ఎవరి దగ్గర తాగుతోందో.

మళ్ళీ మా అక్క దగ్గరికి వద్దాం. ఇదంతా తేలేలోపు పూల సీజన్ అయిపోతుంది కదా, అందుకని కాల్ వచ్చిన రెండో రోజే తనకి చిన్న పని చెప్పాను. ఒకే సైజున్న నాలుగు మొగ్గలు చూడు. రెండింటి మీద చీమలు దులిపేసి, పల్చటి గుడ్డ సంచి కట్టు. రెండు అలాగే వదిలేయ్. మా మేనకోడలు రోజూ పొద్దున్నే వెళ్ళి చెక్ చేసేది, నాకు వాయిస్ మెసేజ్ పెట్టేది. వారం తిరక్కుండా నాలుగూ విచ్చుకున్నాయి. సంచిలోవి కూడా. బావ ఏమీ అనలేదు, స్ప్రే బాటిల్ మాత్రం గరాజ్‌లోకి వెళ్ళిపోయింది.

ఇంట్లో పూలు పెట్టుకోవాలంటే మొగ్గ కాస్త మెత్తబడి రంగు కనిపించగానే కోసి, దులిపి, ఒకసారి నీళ్ళలో ముంచి తీస్తే చాలు, చీమలు పోతాయి. మందు అక్కర్లేదు. పిల్లలు ఆడుకునే చోట, తేనెటీగలు వాలే చోట అసలే వద్దు.

పక్కింటి పెద్దావిడకి అక్క ఆ సంచిలో విచ్చుకున్న పువ్వు చూపించింది. ఆవిడ చాలాసేపు చూసి, "మా అమ్మ అలాగే చెప్పింది మరి" అని నవ్విందట. ఒకటి చెప్పాలి. ఆవిడ చెప్పిన కారణం తప్పే కానీ, ఆ మాట వల్లే ఇన్నేళ్ళూ ఆ మొక్క మీద ఎవరూ మందు కొట్టలేదు. కారణం కరెక్ట్‌గా తెలిసి కూడా మనం అంత ఓపిక పడితే చాలు.

ఆ ఏడాది సమాధి మీదకి నాలుగు పూలు వెళ్ళాయి. రెండు సంచిలోవి, రెండు చీమలు కాపలా కాసినవి. నాకు ఫోటో వచ్చింది. ఏవి ఏవో నేను గుర్తుపట్టలేకపోయాను.

మీ ఇంట్లో, మీ పొలంలో చీమలు ఏ మొక్క మీద తిరుగుతున్నాయో ఒకసారి చూసి కామెంట్ పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.