ఊరు దాటితే ఎవడి ప్రాణం వాడిదే

ఎవరు ఎవర్నైనా చంపగల ఆటలో ఒంటరిగా ఆడేవాడికి చోటుందా? అల్టిమా ఆన్‌లైన్ చరిత్ర చూస్తే జవాబు దొరుకుతుంది.

టెక్సాస్‌లోని ఆరిజిన్ సిస్టమ్స్ దీన్ని 1997 సెప్టెంబరులో విడుదల చేసింది. ఊళ్లో కాపలావాళ్లుంటారు. ఊరు దాటితే ఎవడైనా మిమ్మల్ని చంపి, ఒంటిమీదున్నదంతా దోచుకోవచ్చు. విడుదలకి ముందు, ఆగస్టులో, ఆట సృష్టికర్త రిచర్డ్ గారియట్ రాజు వేషంలో వస్తే ఒక ఆటగాడు ఆ రాజునే చంపేశాడు! ఇక గనిలో ఒక్కడే ఇనుము తవ్వుకునేవాడి సంగతి చెప్పాలా?

కంపెనీ ఊరుకోలేదు. హంతకుల పేర్లు ఎర్రగా చూపించింది, తలలకి వెల కట్టింది. లాభం లేకపోయింది. ఎందుకంటే శిక్ష ఎప్పుడో పడుతుంది, నష్టం మాత్రం ముందే జరిగిపోతుంది.

చివరికి 2000లో 'రినైసాన్స్' పేరుతో లోకాన్నే రెండు కాపీలు చేశారు. మన భాషలో ఫోర్క్ చేశారన్నమాట. ఫెలక్కాలో పాత పద్ధతే. ట్రామెల్‌లో మాత్రం మీరు ఒప్పుకుంటే తప్ప ఇంకో ఆటగాడు మీ మీద చెయ్యెత్తలేడు. జనం ట్రామెల్‌కి తరలిపోయారు. ఫెలక్కా వెలవెలబోయింది. అక్కడ తవ్వితే రెట్టింపు ఇనుమని ఆశపెట్టాల్సొచ్చింది.

ఆ రోజుతోనే ఆట చచ్చిపోయిందనే పాతకాపులు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల మాటలో నిజం లేకపోలేదు. భయం తగ్గితే తోడు అవసరమూ తగ్గుతుంది మరి. కానీ వేటగాడి సరదా కోసం లేడి కూడా నెలనెలా చందా కట్టాలనడం ఏం న్యాయం? ఇంకో దారి చూపించగానే జనం ఎటు నడిచారో చూస్తే, అంతకుముందు వాళ్లు ఇష్టపడి చావలేదని తెలుస్తూనే ఉంది కదా.