మందు నడచిన దారులు

మందెంత ముఖ్యమో అనుపానమంత ముఖ్యమని మన వైద్యులు చెప్పుచుందురు. నోట మ్రింగించు గుళిక, ముక్కున వేయు నస్యము, కంట పెట్టు అంజనము, ఒంటికి పూయు లేపనము, ఆసనమార్గమున ఎక్కించు వస్తి - ఇవన్నియు ఔషధము దేహమున ప్రవేశించుటకు మన పూర్వులు ఎఱిగిన దారులు. రక్తనాళము దారి వీని తరువాతిది. ఆ దారిని ప్రాణములు నిలుపవచ్చునని చూపినదియు, తిరిగి నోటిదారి విలువను తెలిపినదియు ఒకే వ్యాధి. మనవారు గత్తర యనియు, వాంతిభేది యనియు భయపడిన కలరాయే అది.

1831లో ఇంగ్లండున కలరా వ్యాపించినపుడు, ఓషానెస్సీ యను యువవైద్యుడు రోగుల రక్తమును పరీక్షించి, అందు నీరును లవణములును తఱిగిపోయినవని కనుగొనెను. అనంతరము కలకత్తాకు వచ్చి, మన దేశమున తంతి మార్గములు వేయించినది ఈయనయే. ఆయన కనుగొన్న విషయము ననుసరించి, 1832లో స్కాట్లండులోని లీత్ పట్టణమున డాక్టరు థామస్ లట్టా ఉప్పునీటిని తొలుత నోటను, ఆసనమార్గమునను ఇచ్చి చూచెను. గుణము కానరాలేదు. అంతట మృత్యుముఖమున నున్న ఒక వృద్ధురాలి రక్తనాళములోనికి దానిని ఎక్కించెను. లోతుకు పోయిన కన్నులు తేటపడెను. నాడి తిరిగి ఆడెను. ఆమె గట్టెక్కినదని తలచి ఆయన వెడలిపోగా, భేదులు మరల ఆరంభమై, కొన్ని గంటలలోనే ఆమె మరణించెను. తరువాతి రోగులలో కొందఱు బ్రతికిరి. కాని 1833లో లట్టా మరణించెను; ఆయన పద్ధతియు మూలబడెను. 20వ శతాబ్ది ఆరంభమున కలకత్తాలో లెనార్డ్ రోజర్సు దానిని తిరిగి ఆచరణలోనికి తెచ్చెను.

అయితే ఈ దారికి సూది కావలెను. శుద్ధిచేసిన ద్రవము కావలెను. నేర్పుగల చేయి కావలెను. పల్లెలో ఇవి ఎక్కడివి? లట్టాకు నోటిదారి ఏల పనిచేయలేదో 1960 తరువాత క్రమముగా తెలియవచ్చెను. కలరా సోకిన పేగులు ఉత్త ఉప్పునీటిని గ్రహింపజాలవు. గ్లూకోజు తోడైనచో ఉప్పును గ్రహించును. ఉప్పు వెంట నీరును పోవును. మన భాషలో చెప్పవలెనన్న, లట్టా మందునకు అనుపానము లోపించినది. 1968లో ఢాకాలో ఈ సంగతి రోగుల చికిత్సలో రుజువైనది.

అసలైన పరీక్ష 1971లో వచ్చెను. తూర్పు పాకిస్తాను నుండి తరలివచ్చిన శరణార్థులతో పశ్చిమ బెంగాలులోని బొంగావ్ నిండిపోయెను. ఆసుపత్రి నేలపై రోగులు; సెలైను సీసాలు నిండుకొనుచున్నవి. డాక్టరు దిలీప్ మహలనబిస్ లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల సోడా ఉప్పు చొప్పున కలిపించి, రోగుల బంధువులచేతనే త్రాగించెను. నూటికి 30 వఱకు నుండిన మరణములు 4 కన్న తక్కువకు దిగెను. 2022లో మరణించిన ఆ వైద్యునికి 2023లో పద్మవిభూషణ్ ప్రకటింపబడెను.

స్పృహ తప్పినవారికి, త్రాగలేనివారికి నేటికిని సూదియే శరణ్యము. తక్కినవారిలో అధికులను ఇంటివారి చేతి గిన్నెయే కాపాడగలదు. ఓఆర్ఎస్ పొట్లము నేడు ప్రతి మందుల దుకాణమునను దొరకును. పొట్లముపై చెప్పినంత శుభ్రమైన నీటిలోనే దానిని కలిపి, భేదులు మొదలైన వెంటనే కొద్దికొద్దిగా పట్టవలెను. వైద్యుడు వచ్చువఱకు ఆగనక్కఱలేని మందు ఇది.