వతరాసే నది చెప్పే పాఠం

చరిత్ర అంటే రాజులు, కోటలు, యుద్ధాలు అనే చాలామంది అనుకుంటారు. బడిలో మేమూ పిల్లలకు అవే ఎక్కువగా చెబుతుంటాం. కాని ఒక నదికీ, దాని ఒడ్డున బతికిన రైతులకూ కూడా చరిత్ర ఉంటుంది. జపాను దేశపు అలాంటి చరిత్ర ఒకటి సొసైటీ సభ్యుల ముందు, వారి కుటుంబాల ముందు ఉంచుతున్నాము.

టోక్యో నగరానికి ఉత్తరాన కొండల్లో ఆషియో అనే చోట పాత రాగి గని ఉండేది. 1877లో ఫురుకవా ఇచిబేయి అనే వ్యాపారి దాన్ని కొని పెద్ద ఎత్తున తవ్వించాడు. రాగి ఎగుమతితో దేశానికి డబ్బు వచ్చింది. అయితే రాగి తీశాక మిగిలిన మట్టీ, మురుగునీరూ వతరాసే నది పాలయ్యాయి. కొలిమి పొగకూ, కట్టెల నరుకుడుకూ కొండలు బోడి అయిపోయాయి. వాన నీటిని ఆపే చెట్టు లేక వరదలు పెరిగాయి. ముందు చేపలు చచ్చాయి. 1890 వరదలో ఆ విషపు మట్టి పొలాల మీద పరుచుకుని పైర్లు పాడైపోయాయి.

ఆ ప్రాంతపు పార్లమెంటు సభ్యుడు తనాకా షోజో 1891 నుంచి సభలో ఈ సంగతి అడుగుతూనే వచ్చాడు. 1900లో అర్జీ పట్టుకుని టోక్యోకు బయలుదేరిన వేలమంది రైతులను పోలీసులు దారిలో కొట్టారు, చాలామందిని ఖైదు చేశారు. 1901లో తనాకా పదవి వదిలేసి, చక్రవర్తి బండికి ఎదురువెళ్లి అర్జీ ఇవ్వబోయాడు. పట్టుకున్నారు, పిచ్చివాడని వదిలేశారు.

మరి సర్కారు ఏం చేసింది? గని మూయలేదు. వరద నీరు నిలవడానికి జలాశయం కావాలని యనాకా అనే ఊరినే ఖాళీ చేయించింది. కదలమన్నవారి ఇళ్లను 1907లో కూలగొట్టించింది. విషం వదిలిన గని ఉన్నచోటే ఉంది, నష్టపోయిన ఊరు లేకుండా పోయింది! తనాకా ఆ ఊరివాళ్ల వెంటే నిలిచి 1913లో కన్నుమూశాడు. ఆయన సంచిలో మిగిలిన ఆస్తి కొన్ని కాగితాలు, పుస్తకాలు, గులకరాళ్లు.

1958లో గని మట్టిని నిలవచేసిన కట్ట తెగి పొలాలు మళ్లీ పాడయ్యాయి. రైతులు మళ్లీ లేచారు. 1973లో గని మూతపడింది. 1974లో కంపెనీ 155 కోట్ల యెన్‌ల పరిహారానికి ఒప్పుకుంది. 1890లో పైరు పోగొట్టుకున్న రైతుల్లో అది చూడటానికి ఎవరు మిగిలి ఉంటారు?

గని మట్టి అయినా, ఊరి చెత్తకుప్ప అయినా జరిగేది ఒక్కటే. పైన పోసింది వానతో కిందికి దిగి చేలోకీ, చెరువులోకీ, బావిలోకీ చేరుతుంది. ఆ సంగతి ముందుగా తెలిసేది ఆ నీళ్లు వాడుకునేవాళ్లకే. కనుక చెరువు పక్కన చెత్త పడటం మొదలైన నాడే, బావి నీళ్ల రుచి మారిన నాడే నలుగురం కలిసి నీళ్లు పరీక్ష చేయించాలి, అర్జీ పెట్టాలి. ఆలస్యమైతే పరిహారమైనా దొరుకుతుందేమో గాని, యనాకా లాంటి ఊరు మళ్లీ దొరకదు గదా!