అంకుడు కర్ర: గుర్తింపు, చరిత్ర

ఏటికొప్పాక, చన్నపట్న లక్క బొమ్మలకు ముడిసరుకైన అంకుడు కర్ర, గన్నేరు కుటుంబానికి చెందిన రైటియా టింక్టోరియా అనే చిన్న ఆకురాల్చు చెట్టు నుంచి వస్తుంది. వెడల్పాటి ఆకుల చెట్ల కలపనంతటినీ వృక్షశాస్త్రం గట్టికలపగానే లెక్కిస్తుంది గనుక, కొండపల్లి బొమ్మలకు వాడే మెత్తని తెల్లపొణికి కూడా ఆ వర్గంలోనిదే. అయితే పొణికి గోటికి లొంగేంత తేలిక, అంకుడు చేతికి బరువు తెలిసేంత చిక్కన.

సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడిగా పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ ఈ చెట్టుపై ఆసక్తి చూపింది కలప కోసం కాదు, వేడినీటితో దాని ఆకుల నుంచి తీయగల నీలిమందు కోసం; ఆయన పెట్టిన పేరు నేరియం టింక్టోరియం. 1810లో రాబర్ట్ బ్రౌన్, స్కాట్లండ్ వైద్యుడు విలియం రైట్ పేరిట రైటియా ప్రజాతిని నెలకొల్పి, అంకుడును పోలిన కొడిశపాల చెట్టును హోలరీనా అనే వేరొక ప్రజాతిగా నిలిపాడు. ఈ విభజన ఎంతో అవసరమైనది, ఎందుకంటే రెండు చెట్లకూ పాలు కారతాయి, రెండింటి కలపా తెలుపే, పైగా జిగట విరేచనాలకు మందైన కొడిశపాల బెరడులో అంకుడు బెరడును కలిపి అమ్మే అలవాటు ఉండేది.

కాయను చూస్తే సందేహం తీరుతుంది: అంకుడు జంటకాయలు లేతగా ఉన్నప్పుడు కొనల దగ్గర అతుక్కుని ఉంటాయి, గింజకుండే నూగు కుచ్చు తొడిమ వైపుకు తిరిగి ఉంటుంది, కొడిశపాలలో కాయలు విడివిడిగా ఉంటాయి, కుచ్చు రెండో కొనన ఉంటుంది. కోసిన దుంగలో చేవకూ పైకలపకూ రంగు తేడా కనిపించదు, నీటిని మోసే రంధ్రాలు కంటికి ఆననంత సన్నగా అంతటా సమంగా పరచుకుని ఉంటాయి.

తరిణి పట్టడానికి, అంటే తిరుగుతున్న కర్రను ఉలితో మలచడానికి, ఈ కలప అంతగా అనువు కావడానికి కారణం ఆ సమత్వమే: ఉలి ఎటు నుంచి తగిలినా పీచు లేవదు, అంచు విరగదు. తిరిగే కర్రకు లక్క కడ్డీని అదిమినప్పుడు రాపిడి వేడికి లక్క కరిగి పలుచని పొరగా అంటుకుంటుంది, దానికి మొగలి ఆకుతో మెరుగు పెడతారు. లోపమూ తక్కువేమీ కాదు. తడి దుంగను బెరడుతో వదిలేస్తే బూజు పట్టి నీలిమచ్చలు లోపలికి దిగుతాయి గనుక, వెంటనే ఒలిచి నీడన ఆరబెట్టాలి, ఎండకూ వానకూ బయట నిలిచే వస్తువులకు దీన్ని వాడకూడదు.

ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. వాటికి సహజ రంగులను తిరిగి తెచ్చిన సి.వి. రాజు 2023లో పద్మశ్రీ అందుకున్నారు. నరికిన మొదలు నుంచి అంకుడు మళ్లీ చిగురిస్తుంది కాబట్టి, వేళ్లతో పెకలించకుండా కొమ్మలను మాత్రమే కోసుకుంటే ఈ పనికి కావలసిన సన్నని దుంగలు అదే చెట్టు నుంచి మరోసారి దొరుకుతాయి.