మీకు ఇష్టమైతే జవాబివ్వండి

పెండ్లి పత్రిక అడుగున ఒక మూల ఆర్.ఎస్.వి.పి. అని నాలుగు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి చూడండి. వాటి కింద నాలుగు పేర్లు, నాలుగు ఫోన్ నంబర్లు. తెలుగు పత్రికైనా సరే, ఆ నాలుగు అక్షరాలు మాత్రం ఇంగ్లీషులోనే. దాన్ని చూసి "వీళ్ళు బాగా దగ్గరి బంధువులు కామోసు" అనుకుని ఊరుకుంటాం. ఒక పెండ్లిలో నా పక్కన కూర్చున్నావిడ అవి ఆ ఇంటి అన్నదమ్ముల పేర్లలోని మొదటి అక్షరాలని చెప్పింది. రాము, శ్రీను, వేణు, ప్రసాద్. సరిగ్గా సరిపోయింది కూడా!

నిజానికి అవి ఫ్రెంచి మాటలు. రెపోందే సిల్ వూ ప్లే. రెపోందే అంటే జవాబివ్వండి. సిల్ వూ ప్లే అంటే, మాటకు మాట చెప్పుకుంటే, "మీకు ఇష్టమైతే". మనకున్నట్టే ఫ్రెంచిలోనూ నువ్వు, మీరు వేరు వేరు. ఇక్కడున్న 'వూ' అంటే మీరు. అదే పిల్లల్ని అడిగేటప్పుడు సిల్ తె ప్లే అంటారు, నీకు ఇష్టమైతే అని. మనం రోజుకు పదిసార్లు వాడే ప్లీజ్ కూడా ఈ వంశంలోదే. ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళు కూడా "మీకు ఇష్టమైతే" అని పొడుగ్గా అనేవాళ్ళు. అది అరిగి అరిగి ఒక్క ముక్క మిగిలింది. డచ్చివాళ్ళు ఫ్రెంచి మాట పోలికలోనే తమ భాషలో ఆల్స్‌టూబ్లీఫ్ట్ అని కట్టుకున్నారు. దాని అర్థమూ అదే.

అందుకే "ప్లీజ్ ఆర్.ఎస్.వి.పి." అని రాస్తే, మనం "మిడిల్ మధ్యలో" అన్నట్టు ఉంటుంది. రెండుసార్లు బతిమాలడం. అయినా అందరూ అలాగే రాస్తారు.

మనకు ఇంట్లో వాడుకునే ప్లీజ్ లేదు. దయచేసి అనే మాట రైల్వే స్టేషన్ మైకులోదే. ఇంట్లో దయచేసి అన్నామంటే కోపం వచ్చిందని అర్థం. ఇక "దయచేయండి" అంటే లోపలికి రమ్మనో, బయటికి పొమ్మనో గొంతును బట్టి తెలుసుకోవాలి. మన మర్యాదంతా "కాస్త", "అండీ" అనే రెండు ముక్కల్లో ఉంది.

17, 18 శతాబ్దాల్లో ఐరోపా రాజుల కొలువుల్లో మర్యాద భాష ఫ్రెంచి. ఎటికెట్ అనే మాట కూడా వాళ్ళదే, దానికి అసలు అర్థం చీటీ. ఇంగ్లండులో పెద్దింటివాళ్ళు తమ భాషలో జవాబు అడగడం మోటు అనుకున్నారో ఏమో, విందు పిలుపుల మీద ఈ ఫ్రెంచి అక్షరాలు వేసుకున్నారు. 19వ శతాబ్దానికి అది మామూలైపోయింది. అక్కడ విందు అంటే బల్ల చుట్టూ ఇన్ని కుర్చీలు అని లెక్క. పన్నెండు కుర్చీలకు పదమూడో మనిషి వస్తే ఇంటావిడకు తలవంపులు. అమెరికాలో ఎమిలీ పోస్ట్ అనే ఆవిడ 1922లో వేసిన ఎటికెట్ పుస్తకంలో పిలుపు ఎలా రాయాలి, వస్తామని ఎలా రాయాలి, రాలేమని ఎలా రాయాలి అని పేజీలకు పేజీలు ఉన్నాయి. ఇప్పుడు అమెరికాలో ఉన్న మన పిల్లలకు అదొక క్రియ. "పుట్టినరోజుకు ఆర్.ఎస్.వి.పి. చేశావా?" అని అడుగుతారు.

మన పత్రికలోని పెద్ద వాక్యం అసలు ప్రశ్నే అడగదు. సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి, ఆశీర్వదించి, తాంబూలం తీసుకుని, మమ్మల్ని ఆనందింపజేయండి అంటుంది. రావడం ఖాయమన్నమాట. కిందికి వస్తే మూలలో "మీకు ఇష్టమైతే జవాబివ్వండి" అని ఉంటుంది. పైన ఉన్నది ఒక లోకం మాట, కింద ఉన్నది ఇంకో లోకం మాట. అందుకే ఆ నంబర్లకు ఫోన్ చేసేవాళ్ళు కల్యాణమండపానికి దారి అడగడానికే చేస్తారు.

మన దగ్గర అసలైన పిలుపు బొట్టు. ఇంటింటికీ వెళ్ళి, కుంకుమ పెట్టి, "అందరూ రావాల" అంటేనే పిలిచినట్టు. పత్రిక పోస్టులో వస్తే "మాకు బొట్టు పెట్టలేదు" అని అలిగినవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. వస్తామన్న జవాబు నోటితో చెప్పేది కాదు, విస్తరి ముందు కూర్చుంటే అదే జవాబు. రాలేనివాళ్ళు టెలిగ్రాం ఇచ్చేవాళ్ళు. 2013 జూలైలో ఆ టెలిగ్రామూ ఆగిపోయింది. పిలిచిన ప్రతిసారీ జవాబిచ్చేది ఒక్క వెంకన్నే. కపిలతీర్థం రోడ్డులోని టీటీడీ ఆఫీసుకు పత్రిక పంపితే, స్వామి తరఫున తలంబ్రాలు, కుంకుమ, కంకణం పోస్టులో ఇంటికి వస్తాయి.

మిగతావాళ్ళ లెక్క ఇంటి ఆడవాళ్ళ తలమీద. మా వైపు ముహూర్తానికి ముందురోజు రాత్రే రిసెప్షన్. రాత్రికి ఎందరు, పొద్దున టిఫినుకు ఎందరు, మధ్యాహ్నం భోజనానికి ఎందరు అని వంటమాస్టరు అడుగుతాడు. పత్రికలో నంబర్లు మగవాళ్ళవి, ఆయన అడిగేది మాత్రం పెండ్లికూతురి అమ్మని. చాలకపోతే పరువు పోతుంది, మిగిలితే డబ్బు పోతుంది.

ఫ్రెంచి మాట, తెలుగు పెండ్లి అంటే నాకు యానాం గుర్తొస్తుంది. కాకినాడ దగ్గరి ఆ తెలుగు ఊరు 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉండింది. చుట్టూ ఉన్న ఊళ్ళన్నీ ఇంగ్లీషువాళ్ళవి. 1929లో శారదా చట్టం చేశారు, 1930 ఏప్రిల్ నుంచి అమలు. పద్నాలుగేళ్ళు నిండని ఆడపిల్లకు, పద్దెనిమిది నిండని మగపిల్లవాడికి పెండ్లి చేస్తే నేరం. ఆ చట్టం యానాం పొలిమేర దాటి లోపలికి పోదు. దాంతో ఇంగ్లీషు ఏలుబడిలో ఉన్న తెలుగువాళ్ళు పిల్లల్ని తీసుకుని అక్కడికి వెళ్ళి పెండ్లిళ్ళు చేశారు. యానానికి కల్యాణపురం అని పేరే వచ్చింది. వినడానికి ఎంత చక్కని పేరు! సిల్ వూ ప్లే అనే మాట పుట్టిన భాషవాళ్ళ ఏలుబడి కదా, ఆ పిల్లల్ని మాత్రం "నీకు ఇష్టమేనా" అని ఎవరూ అడగలేదు. చరిత్రలో ఇలాంటివి చదివినప్పుడు నాకు చట్టాల మీద కన్నా పెద్దవాళ్ళ మీదే కోపం వస్తుంది. దొంగదారి కోసం అంత దూరం పోయినవాళ్ళు తల్లిదండ్రులే. ఆడపిల్లకు పద్దెనిమిది అన్న హద్దు 1978లో గానీ రాలేదు.

మొన్న మా వదిన కూతురి పెండ్లి జరిగింది. మా అన్నయ్య పోయి ఆరేళ్ళు. బొట్టు పెట్టడానికి మేమంతా వీధి వీధీ తిరుగుతుంటే వదిన ఇంట్లోనే ఉండిపోయింది. సొంత కూతురి పెండ్లికి పిలవడానికి ఆమెను తీసుకుపోకూడదట. నేను నోరు తెరిచాను కానీ పెద్దవాళ్ళు వినలేదు. పెండ్లికూతురు మాత్రం ఏమీ అనకుండా అచ్చు అంగడికి వెళ్ళింది. ఆర్.ఎస్.వి.పి. తీసేయించి, అక్కడ తెలుగులో "మీరు వస్తున్నారో లేదో పదో తేదీలోగా మా అమ్మకు చెప్పండి" అని వేయించింది. కింద ఒక్క వదిన పేరు, ఒక్క నంబరు.

అచ్చువేసినాయన "ఇట్లా ఎవురూ వేయించరమ్మా" అన్నాడట.

మొదటి రెండు రోజులు ఒక్క ఫోనూ లేదు. తర్వాత మొదలైంది. సగం మంది "ఎందుకమ్మా అడుగుతావు, రాకుండా ఉంటామా?" అని నిష్ఠూరమాడటానికే చేశారు. చేసినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. ఆరేళ్ళుగా మాట్లాడనివాళ్ళు గంటసేపు మాట్లాడారు. వదిన పాత నోటుపుస్తకంలో రాత్రి, టిఫిను, భోజనం అని మూడు గీతలు గీసుకుని రాసుకుంది.

పలమనేరు నుంచి మా చిన్నవ్వ చేసింది. పదకొండో ఏట మెడలో తాళి పడిన మనిషి, ఇప్పుడు ఎనభై దాటింది. "మూడు పూటలా వస్తా, రాసుకో" అని, "ముందు ఇది చెప్పు, పిల్లకు ఇష్టమేనా?" అనింది. వదిన ఫోన్ కూతురి చేతికిచ్చింది.