రైజర్ అనే చెట్టు కూలిన వైనం

2025 జనవరి 19న లినక్స్ 6.13 కెర్నెల్ విడుదలైంది. అందులో కొత్తగా ఏం వచ్చాయో చాలామంది రాశారు. పోయినదాని గురించి మాత్రం రెండు ముక్కలు రాసి ఊరుకున్నారు. ఆ విడుదలతో రైజర్ ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌ని, దాని ముప్పై వేల పైచిలుకు పంక్తుల కోడ్‌తో సహా, కెర్నెల్‌లోంచి తీసేశారు. అడ్డుపడినవాళ్లు లేరు. ఇరవై ఏళ్ల కిందట ఆ పేరు చెబితే లినక్స్ కుర్రాళ్ల కళ్లు మెరిసేవంటే ఇప్పటివాళ్లు నమ్మరు.

గోదావరి జిల్లాల్లో ఆ రోజుల్లో కంప్యూటరు పెట్టుకున్నవాడు అన్నిటికన్నా ఎక్కువ భయపడింది కరెంటుకి. వేసవిలో కోతలు, వానాకాలంలో తెగిపడే తీగలు. ఇక తుపానుల సంగతి చెప్పక్కర్లేదు. 1996 నవంబరు 6 రాత్రి తరవాత కోనసీమ ఎన్ని రోజులు చీకట్లో ఉందో చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. యూపీఎస్ కాసేపు కీచుమని మొత్తుకుని చల్లబడేది. అప్పట్లో లినక్స్‌కి దిక్కు ఈఎక్స్‌టీ2 అనే ఫైల్ సిస్టమ్. షట్‌డౌన్ చెయ్యకుండా మిషను ఆరిపోతే, మళ్లీ వెలిగినప్పుడు అది డిస్కుని ఆ చివర నుంచి ఈ చివర దాకా తనిఖీ చేసుకునేది. డిస్కు పెద్దదైతే టీ తాగి రావడం కాదు, భోంచేసి రావచ్చు. ఆ తనిఖీ అయ్యేలోపు మళ్లీ కరెంటు పోతే ఎవడికి చెప్పుకోవాలి?

ఆ భయానికి మందుగా వచ్చింది రైజర్ ఎఫ్ఎస్. చెయ్యబోయే మార్పుని ముందు జర్నల్ అనే చిట్టాలో రాసుకుని, ఆ తరవాతే అసలు చోట రాస్తుంది. కరెంటు పోయి వచ్చాక చిట్టా ఒకసారి తిరగేసి, ఆగిపోయిన పనిని సెకన్లలో సర్దుకుంటుంది. 2001 జనవరి ఆఖర్న, 2.4.1 కెర్నెల్‌తో అది లినక్స్‌లో చేరింది. జర్నల్ ఉన్న ఫైల్ సిస్టమ్ అధికారిక కెర్నెల్‌లోకి రావడం అదే మొదలు. ఈఎక్స్‌టీ3 వచ్చింది ఆ ఏడాది నవంబరులో. రైజర్ ఎఫ్ఎస్ సృష్టికర్త అమెరికాలోని ఓక్లండ్‌కు చెందిన హాన్స్ రైజర్. నేమ్‌సిస్ అనే కంపెనీ పెట్టి రష్యన్ ప్రోగ్రామర్లతో పని నడిపాడు. జర్నల్ భాగం రాసింది క్రిస్ మేసన్. తర్వాత బీటీఆర్ ఎఫ్ఎస్ అనే మరో ఫైల్ సిస్టమ్ మొదలుపెట్టిందీ ఈయనే. జర్మనీ కంపెనీ సూసే తన లినక్స్‌కి రైజర్‌నే డిఫాల్ట్ చేసుకుంది.

దాని అందమంతా ఒక చెట్టులో ఉంది. డైరెక్టరీలు, ఫైళ్ల వివరాలు, చివరికి బ్లాకు నిండని ఫైళ్ల తోకముక్కలు కూడా ఒకే బీ-ప్లస్ ట్రీలో ఇమిడిపోయేవి. చిన్న ఫైళ్లు వేలకి వేలున్న చోట దాని వేగమే వేరు. అంత పొందికైన నిర్మాణం చూసి మనసు పారేసుకోని ప్రోగ్రామర్ ఉండడు. ఫైల్ సిస్టమ్ మంచిచెడ్డలు పరుగు తీసేటప్పుడు తెలియవు, పడి లేచేటప్పుడు తెలుస్తాయి. రైజర్ అక్కడే తప్పింది.

ధవళేశ్వరం ఆనకట్ట కింద కాలవల్ని ఏటా వేసవిలో కట్టేశాక గానీ లాకుల మరమ్మతుకీ పూడికతీతకీ దిగరు. పారే నీళ్లలో గట్టు కట్టబోయే మేస్త్రిని మా వైపు ఎవరూ పనిలో పెట్టుకోరు. ఫైల్ సిస్టమ్ మరమ్మతుకీ అదే కట్టుబాటు. ముందు అన్‌మౌంట్, ఆ తరవాతే చెయ్యి పెట్టడం. రైజర్ పనిముట్లూ ఆ మాటే చెప్పేవి. చిక్కు ఆ తరవాతి మెట్టులో ఉంది.

2004 నాటి అమలాపురంలో ఒక డీటీపీ సెంటరుందనుకుందాం. ముందు గదిలో విండోస్ మిషన్లు, పేజీమేకర్, అను ఫాంట్లు. శుభలేఖలు, కరపత్రాలు, ఇద్దరు ముగ్గురు స్థానిక కవుల సంపుటాలు. వెనక గదిలో సూసే వేసిన డబ్బా ఒకటి. అందరి ఫైళ్లూ దాన్లోనే. ఒక ఉదయం డిస్కు మొరాయించింది. కుర్రాడు మరమ్మతు ప్రోగ్రామ్ రైజర్‌ఎఫ్‌ఎస్‌సీకే పేరు కొట్టాడు. దీన్ని నడపాలా అని తెర అడిగింది. ఒక్క అక్షరం నొక్కితే ఒప్పుకోదు. పెద్ద 'వై', పక్కన చిన్న 'ఈ', చిన్న 'ఎస్': 'యస్' అని పూర్తిగా కొట్టాలి. ఆ ప్రశ్నకి పైనే ఇంకో వాక్యం: సలహా కావాలంటే నేమ్‌సిస్ వాళ్లు 25 డాలర్లకు ఇస్తారట. అప్పటి లెక్కలో వెయ్యి రూపాయల పైమాటే. కుర్రాడు యస్ కొట్టాడు.

తనిఖీ తేల్చిందేమిటంటే, రీబిల్డ్-ట్రీ చెయ్యాలి. పాత చెట్టు మీద ఆశ వదిలేసి, డిస్కులోని బ్లాకులన్నీ గాలించి, ఆకుల్లా కనబడినవాటిని ఏరి కొత్త చెట్టు కట్టడమన్నమాట. మాన్యువల్ పేజీ రెండు హెచ్చరికలు చేసింది. ముందు పార్టిషన్ మొత్తానికి నకలు తీసిపెట్టుకో. మొదలుపెట్టాక మధ్యలో ఆపకు, ఆగితే ఫైల్ సిస్టమ్ ఇక మౌంట్ కాదు. ఆ సెంటరులో నకలు తియ్యడానికి ఇంకో డిస్కు ఎక్కడిది? పాస్ 0 నడుస్తోంది. చుక్కల వరస, 20 శాతం, మళ్లీ చుక్కలు, 40 శాతం. బయట ముసురు పట్టి ఉంది. ఏ నిమిషాన లైను ట్రిప్పవుతుందో ఎవరికీ తెలియదు. కరెంటు పోయినా ఫరవాలేదని పేరు తెచ్చుకున్న ఫైల్ సిస్టమ్‌కి, మరమ్మతు వేళ కరెంటు పోతే మాత్రం గతిలేదు.

అదృష్టం బాగుండి పని పూర్తయినా, ఇల్లు తప్పిన ఫైళ్లు లాస్ట్ అండ్ ఫౌండ్ అనే డైరెక్టరీలో పోగుపడేవి. పెళ్లికూతురి పేరుతో దాచిన శుభలేఖ ఇప్పుడు ఒక అంకె, ఒక అండర్‌స్కోర్, ఇంకో అంకె. తెరిచి చూస్తే గానీ ఎవరి పెళ్లో తెలియదు. జర్నల్ కూడా ఫైల్ సిస్టమ్ లోపలి లెక్కలనే కాపాడేది; ఫైల్లోని అసలు సరుక్కి మొదట్లో ఆ భరోసా లేదు. ఫైలు చెక్కుచెదరనట్టే ఉంటుంది, లోపల చూస్తే చెత్త.

వీటన్నిటినీ మించిన లోపం ఇంకొకటుంది. ఆ డిస్కులో మరో రైజర్ ఎఫ్ఎస్ నకలు ఒక ఫైలుగా దాచి ఉంటే (వర్చువల్ మిషన్లు నడిపేవాళ్ల దగ్గర ఇది మామూలే), రీబిల్డ్-ట్రీకి దాని ఆకులకీ అసలు డిస్కు ఆకులకీ తేడా తెలిసేది కాదు. రెండూ కలిపి ఒకే చెట్టు కట్టేసేది. బాగుచెయ్యడానికి వచ్చి ఉన్నదాన్ని చెడగొట్టిందంటే ఇదే. ఏ ఆకు ఎవరిదో చెప్పే గుర్తు డిస్కు మీద మొదటే వేసి ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు. తర్వాతి తరం ఫైల్ సిస్టమ్‌లు ఆ గుర్తు వేసుకుంటున్నాయి.

ఇక అప్‌గ్రేడ్ సంగతి. రైజర్ 3.5 ఫార్మాట్ డిస్కుని 3.6కి మార్చాలంటే మౌంట్ చేసేటప్పుడు 'కన్వ్' అని ఒక మాట తగిలిస్తే చాలు. ఆపైన పుట్టిన ఫైళ్లన్నీ కొత్త పద్ధతిలో ఉంటాయి. పాత పనిముట్లకి మాత్రం ఆ డిస్కు ఇక పనికిరాదు. వెళ్లడానికి ఒక్క మాట, తిరిగి రావడానికి దారి లేదు. అదే కాలంలో ఈఎక్స్‌టీ వర్గం ఏం చేసిందో చూడండి. ఈఎక్స్‌టీ2 డిస్కుకి ఒక కమాండ్‌తో జర్నల్ తగిలిస్తే అది ఈఎక్స్‌టీ3. శుభ్రంగా అన్‌మౌంట్ చేస్తే మళ్లీ ఈఎక్స్‌టీ2గానే మౌంట్ చేసుకోవచ్చు. అందం తక్కువే, వేగమూ తక్కువే. కానీ ఇల్లు ఖాళీ చెయ్యకుండా మార్చుకోవచ్చు, నచ్చకపోతే వెనక్కి రావచ్చు. ఆ పిరికి జాగ్రత్తే చివరికి గెలిచిందని నా అభిప్రాయం. ఏపిల్ 2017లో కోట్ల ఫోన్లని తన కొత్త ఫైల్ సిస్టమ్ ఏపీఎఫ్ఎస్‌కి మార్చే ముందు, అంతకుముందు అప్‌డేట్లలోనే ఎవరికీ తెలియకుండా ఆ మార్పుని ఉత్తుత్తిగా నడిపి చూసి, ఫలితం రాసుకుని, మళ్లీ పాత స్థితికే తెచ్చి వదిలింది. డబ్బున్నవాళ్లకీ ఆ పిరికితనం తప్పలేదు.

హాన్స్ రైజర్‌కి ఆ ఓపిక లేదు. మూడో వెర్షన్‌ని నమ్ముకున్నవాళ్లు దాన్లోనే ఉండగా, ఆయన దృష్టంతా 2004లో బయటపెట్టిన రైజర్4 మీదికి పోయింది. దానికోసం కెర్నెల్ పెద్దలతో ఏళ్ల తరబడి వాదులాట. రైజర్4 అధికారిక కెర్నెల్‌లోకి ఎన్నడూ రాలేదు. 2006 సెప్టెంబరు 14న సూసే ఇంజినీరు జెఫ్ మహోనీ తమ డిఫాల్ట్‌ని ఈఎక్స్‌టీ3కి మార్చుకుందామని ప్రతిపాదించాడు. ఆయన చూపిన కారణాల్లో ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి: రైజర్4కి వెళ్లాలంటే డిస్కు మొత్తం రీఫార్మాట్ చెయ్యాలి, మామూలు జనాన్ని అంత పని చెయ్యమనలేం. చెట్టు వేరు తెగింది ఆ మాటతోనే. అక్టోబరులో సూసే యజమాని నోవెల్ ఆ మార్పుని ఖాయం చేసింది.

ఈలోగా జరిగినదాని ముందు ఇవన్నీ చిన్న విషయాలు. 2006 సెప్టెంబరు 3న హాన్స్ నుంచి విడాకులు కోరుతున్న భార్య నీనా రైజర్ కనబడకుండా పోయింది. ఇద్దరు చిన్నపిల్లల తల్లి, రష్యాలో వైద్యం చదువుకున్న మనిషి. అక్టోబరు 10న హాన్స్‌ని అరెస్టు చేశారు. 2008 ఏప్రిల్ 28న జ్యూరీ అతణ్ని హంతకుడని తేల్చింది. జులైలో ఆమెను పాతిపెట్టిన చోటుకి అతనే పోలీసులను తీసుకెళ్లాడు. ఆగస్టు 29న 15 ఏళ్ల నుంచి యావజ్జీవం వరకు శిక్ష పడింది. ఆ తరవాత రైజర్ ఎఫ్ఎస్ పేరెత్తితే కంప్యూటరు మనుషులు హత్య మీద జోకులేసుకోవడం రివాజైంది. అవి నాకెప్పుడూ నవ్వు తెప్పించలేదు. ఈ కథలో కన్నీళ్లు పెట్టుకోవాల్సింది ఒక్క నీనా కోసమే.

హత్య వల్లే ఫైల్ సిస్టమ్ చచ్చిందని చాలామంది చెబుతారు. తేదీలు చూస్తే అలా లేదు. మహోనీ ప్రతిపాదన అరెస్టుకి దాదాపు నెల ముందుది. యజమాని జైలుకి పోకముందే నమ్మకం పోయింది. అతను జైలుకి పోయాక, దాన్ని ఎత్తుకోవడానికి చాలినంత మంది లేకపోయారు. నేమ్‌సిస్ మూతపడింది. కావాలంటే 25 డాలర్లకు సలహా చెబుతామన్న వాక్యం తెర మీద ఇంకా కనబడుతుండగానే, చెప్పేవాళ్లు లేకుండా పోయారు. 2022లో 5.18 కెర్నెల్ రైజర్ ఎఫ్ఎస్‌ని విడిచిపెట్టదగినదిగా ప్రకటించి, 2025లో తీసేస్తామని గడువు పెట్టింది.

2024 జనవరిలో హాన్స్ జైలు నుంచి రాసిన పొడవాటి ఉత్తరం ఒకటి లినక్స్ జనానికి అందింది. కోడ్ తీసేస్తామంటే అతను అడ్డు చెప్పలేదు. సాటి ప్రోగ్రామర్లతో దురుసుగా నడుచుకున్నానని ఒప్పుకున్నాడు. తనతో పనిచేసినవాళ్ల పేర్లు చివరిసారిగా కోడ్ పక్కన చేర్చమన్నాడు. ఆ మాటలు ఇరవై ఏళ్ల ముందు వచ్చుంటే ఏమయ్యేదో.

సాటివాళ్లతో పొసగకపోవడం హాన్స్‌తో ముగిసిన జబ్బు కూడా కాదు. 2024 జనవరిలో 6.7 కెర్నెల్‌తో వచ్చిన బీక్యాష్ ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ ఈ మరమ్మతు విషయంలోనే చాలా శ్రద్ధ పెట్టింది. వెర్షన్ మారేటప్పుడు ఏ తనిఖీలు నడపాలో, ఆ మార్పు వల్లే తలెత్తే ఏ తప్పుల్ని అడగకుండా సరిదిద్దాలో దాని కోడ్‌లో ఒక పట్టిక ఉంది. చూడముచ్చటైన పని. అయినా రాసిన మనిషికీ కెర్నెల్ పెద్దలకీ పొసగక, 2025 ఆఖర్న వచ్చిన 6.18లో దాన్నీ తీసేశారు.

మీ అటక మీద సూసే కాలపు డిస్కు ఏదైనా ఉంటే ఆలస్యం చెయ్యకండి. నేరుగా మౌంట్ చెయ్యొద్దు. రీడ్-ఓన్లీ అన్నా సరే రైజర్ తన జర్నల్‌ని డిస్కు మీద నడిపేస్తుంది. ముందు డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో డిస్కు మొత్తాన్ని వేరే డిస్కులోకి ఎత్తండి. అసలు డిస్కుని పక్కన పెట్టేసి, 6.12 గానీ అంతకన్నా పాతది గానీ రైజర్ మద్దతు తీసెయ్యని కెర్నెల్ ఉన్న లైవ్ లినక్స్‌లో ఆ నకలు మీదే తనిఖీ చెయ్యండి. రీబిల్డ్-ట్రీ చెయ్యాల్సి వస్తే ఆ నకలుకీ ఇంకో నకలు తీసి మరీ చెయ్యండి. 6.13 నుంచి వచ్చే ఏ కెర్నెల్‌కీ ఆ డిస్కుని చదవడం రాదు.