రంగు దిగని గుడ్డ



కిందటి పండక్కి ఓ కొట్లో యెర్రచీర కొన్నాను. "రంగు గ్యారంటీ అమ్మా" అన్నాడు కొట్టతను. మొదటి తడుపులోనే ఆ యెరుపు కాస్తా మావారి తెల్లపంచెకి అంటుకుంది! మా అత్తగారు నవ్వి, పెట్టె అడుగునుంచి తన బందరు కలంకారీ దుప్పటి తీశారు. "ఇది యెన్ని చాకిరేవులు చూసిందో! యెరుపు చూడు" అన్నారు. ఆ యెరుపు కథే యివాళ చెబుతాను.

పూర్వం మన కోస్తాలో అద్దకమంటే వంటకన్నా ఓపికైన పని. నేతగుడ్డని ముందు కరక్కాయ కలిపిన గేదెపాలలో తడిపి ఆరబెట్టేవారు. పాలలోని కొవ్వువల్ల రంగు పక్కకి పాకదు. యినుపముక్కలు బెల్లంనీళ్లలో వూరబెట్టి, ఆ నీళ్లతో గీస్తే కరక్కాయతో కలిసి నలుపు తేలుతుంది. యెరుపు తమాషా వేరు. కావలసినచోట పటికనీళ్లు అద్ది, తర్వాత చిరివేరు వేసి గుడ్డని వుడకబెడతారు. పటిక తగిలినచోటే యెరుపు నిలుస్తుంది. తక్కినచోట వుతుకులో పోతుంది. రంగునీ నూలునీ ముడివేసేది పటికే అన్నమాట.

డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో మచిలీపట్నం వచ్చింది మొదట యీ గుడ్డలు తీసుకెళ్లి, తూర్పుదీవుల్లో సుగంధద్రవ్యాలు కొనుక్కోవడానికే. క్రమంగా మన చీటిగుడ్డలు వాళ్ల దేశాలకీ వెళ్లాయి. తేలిక, అందం, పైగా వుతికినా పోని రంగు! అక్కడి ఆడవాళ్లు మోజుపడ్డారు. ఉన్ని, పట్టు నేసేవాళ్లకి పని తగ్గింది. ఫ్రాన్సు 1686లో వీటిని నిషేధించింది. ఆ నిషేధం 1759దాకా సాగింది. 1719లో లండను నేతగాళ్లు చీటిగౌనులు తొడుక్కున్న స్త్రీలమీద వీధుల్లోనే పడి, బట్టలు చింపారు, సిరా పోశారు. 1721లో పార్లమెంటు చట్టమే చేసింది. అద్దకపు నూలుబట్ట తొడుక్కుంటే 5 పౌన్లు, అమ్మితే 20 పౌన్లు జరిమానా! దాన్ని సడలించింది 1774లో.

నేతగాడి ఆకలి అబద్ధం కాదు. కాని నడివీధిలో అవమానం యెవరికి జరిగింది? ఓడలకెత్తి లాభాలు మూటకట్టుకున్న షావుకార్లకి కాదు, ముచ్చటపడి కట్టుకున్న ఆడదానికి. నాకు అదే మనసులో ముల్లులా వుండిపోయింది.

ఇంతలో మన విద్య సముద్రం దాటింది. పుదుచ్చేరి వైపు పనిచేసిన కూర్దూ అనే ఫ్రెంచి ఫాదిరీ, మతం పుచ్చుకున్న అద్దకంవాళ్లని అడిగి, యీ పద్ధతులన్నీ 1742లో స్వదేశానికి వుత్తరం రాశాడు. 1760లో పారిస్ దగ్గర జూయి అనే వూళ్లో అద్దకం కర్మాగారం లేచింది. చిరివేరులోని యెర్రరంగునే 1868లో జర్మను రసాయనికులు ప్రయోగశాలలో తయారుచేశారు. ఇక వేరు తవ్వేవాళ్ల అవసరం యెవరికి? లండను నేతగాడి ఆకలి చుట్టుతిరిగి మనవాళ్ల యింటికొచ్చింది.

బందరు దగ్గర పెడనలో యిప్పటికీ చెక్క అచ్చులతో చేత్తో అద్దేవారున్నారు. వారి పూలనే మిల్లుగుడ్డమీద యంత్రంతో అచ్చుగుద్ది, "కలంకారీ" పేరుతో చవగ్గా అమ్మేవాళ్లూ వున్నారు. చవకది కొంటే తప్పని నేననను. మన సంసారాలు మనకి తెలుసు. కాని కొనేముందు "ఇది చేత్తో అద్దిందేనా?" అని ఒక్కమాట అడగండి. నలుగురం అడిగితే కొట్టువాళ్లూ అద్దకంవాళ్లని వెతుక్కుంటూ వెళతారు.

మావారి పంచె మాత్రం యింకా గులాబీరంగులోనే వుంది. సెలవు.